బల్లమీద నీళ్ళ జగ్గు

ఫిబ్రవరి 3, సోమవారం

ఇంటి లెక్కల పుస్తకం వేరే ఉంది. పాలు, గ్యాస్, కరెంటు, అమ్మాయి కాలేజీ ఫీజు అన్నీ అందులో ఉంటాయి. ఈ పుస్తకం ఆయన ఆఫీసు నుంచి వచ్చింది, అట్ట మీద విదేశాంగ శాఖ ముద్ర ఉంది. ఖాళీగా పడి ఉంటే తీశాను. లెక్కలో పడనివాటిని కూడా ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.

ఆయన కొత్త కళ్ళజోడు కొన్నారు. పెళ్ళయ్యాక తనంతట తాను షాపుకెళ్ళి ఒంటిమీదికి ఏదైనా కొనుక్కోవడం ఇదే మొదలు.

"బాగుందా?" అన్నారు.

"చూపు మారిందా?"

"చూపు అదే. ఫ్రేము మార్చానంతే."

భోజనం దగ్గర మళ్ళీ ఆవిడ సంగతే. ఆవిడంటే దక్షిణాన ఉన్న దీవి దేశం నుంచి వచ్చిన కొత్త రాయబారి. ఆయన చూసేది ఆ దీవి వ్యవహారాలే కాబట్టి ఆవిడ మాట ఇంట్లో రావడం సహజమే. కానీ ఆవిడకి ముందున్న రాయబారి ఇక్కడ ఏళ్ళ తరబడి ఉన్నాడు. అతనికి తలమీద జుట్టుందో లేదో కూడా నాకు తెలియదు. ఈవిడ మొన్న వానల్లో వచ్చింది. టీలో చక్కెర వేసుకోదని, లిఫ్టు ఎక్కదని, ఎవరైనా సెంటు పూసుకొస్తే తుమ్ముతుందని నాకు ఇప్పటికే తెలుసు.

"ఈరోజు ఏమందో తెలుసా? 'మీ దేశం బహుమతి ఇస్తే దాంతోపాటు ఫొటోగ్రాఫర్ కూడా వస్తాడు, అతనికి కూడా మేమే భోజనం పెట్టాలి' అంది!" అని ఆయన పొలమారేదాకా నవ్వారు.

నేను నవ్వలేదు. ఆకలిగా ఉంది.

ఆవిడకి దీవమ్మ అని పేరు పెట్టాను. ఈ పుస్తకం వరకే.

ఫిబ్రవరి 5, బుధవారం

కళ్ళజోడు ఆయనకి బాగానే ఉంది. బాగాలేదని నేనెక్కడన్నాను?

ఫిబ్రవరి 8, శనివారం

దీవమ్మ ఆయనకి ఒక పెద్ద ఆల్చిప్ప ఇచ్చింది. అరచేతికంటే వెడల్పు, లోపల గులాబీ రంగు.

"విదేశీయులు ఇచ్చిన బహుమతి ఆఫీసులో అప్పజెప్పాలి కదా?" అన్నాను. ఆ రూలు నాకు తెలుసు.

"బహుమతేమిటోయ్, ఒడ్డున ఏరుకున్నది."

"ఆవిడ ఏరిందా, మీరు ఏరారా?"

"నేను ఆ దీవికి ఎప్పుడు వెళ్ళాను?"

"అదే అడుగుతున్నాను."

అమ్మాయి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "సముద్రం వినబడటం లేదు నాన్నా, ఉత్త ఆఫీసు ఏసీ మోత" అంది. ఆయన తీసుకుని టీవీ పక్కన పెట్టారు. సాయంత్రం దుమ్ము తుడుస్తూ చూశాను. అక్కడుండే మా పెళ్ళి ఫొటో కాస్త వెనక్కి జరిగింది.

బాత్రూంలో సబ్బుపెట్టె పగిలి చాలా రోజులైంది. ఆల్చిప్ప అతికినట్టు సరిపోయింది. నీళ్ళు కారిపోవడానికి పక్కన వంపు కూడా ఉంది. వస్తువన్నాక పనికిరావాలి.

ఫిబ్రవరి 13, గురువారం

టీవీలో మంత్రిగారి ప్రసంగం. ముగ్గురం కూర్చుని చూశాం, ఎందుకంటే అందులో సగం ఈయన రాసిందే.

"ఆ దీవికి వంతెన కట్టింది ఎవరు? మనం. ఆసుపత్రి కట్టింది ఎవరు? మనం. తుఫాను వస్తే అందరికంటే ముందు వెళ్ళిన ఓడ ఎవరిది? మనది. మరి ఈరోజు వాళ్ళకి ఉత్తరం వాళ్ళతో గుసగుసలేమిటి? మన సముద్రంలో పరాయివాళ్ళకి పనేమిటి?" చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

అసలు గొడవంతా రేవు గురించి. దీవికి లోతైన రేవు ఒకటుంది. అది మనకి అద్దెకిస్తే మన ఓడలు అక్కడ ఆగి, అక్కణ్ణుంచి ఎంత దూరమైనా వెళ్ళగలవు. మనకి ఉత్తరాన ఉన్న దేశంవాళ్ళు కూడా దాని మీదే కన్నేశారు. నాకు కాదు, అమ్మాయికి చెబుతున్నారు ఆయన:

"ఇన్నాళ్ళూ పెద్ద దేశాలు అన్నీ తేల్చేసుకున్నాక మనకి ఫోన్ చేసేవి. ఈ రేవు వస్తే ముందు మనకి ఫోన్ చేసి, ఆ తర్వాత తేల్చుకుంటాయి. తేడా అంతే. ఆ తేడా కోసమే నేను ఇన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నది."

"నాకు పైఇంటి అంకుల్ గుర్తొస్తున్నాడు నాన్నా. మనకి నిచ్చెన ఇచ్చి, 'నిచ్చెన ఎలా ఉంది, నిచ్చెన ఎలా ఉంది' అని రోజూ వచ్చేవాడు చూడు. ఆయన పోరు పడలేక మనం కొత్తది కొనుక్కున్నాం."

"దేశాలు, నిచ్చెనలు ఒకటేనా?"

"కాదులే. నిచ్చెనైతే తిరిగిచ్చేయొచ్చు."

ఆయన నవ్వేశారు. నాకు మాత్రం మంత్రిగారు చెప్పిందే న్యాయంగా అనిపించింది. అన్నీ అమర్చిపెట్టేవాళ్ళు పక్కనే ఉండగా, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళతో ఇకఇకలూ పకపకలూ ఏమిటి? ఆ మాట పైకే అన్నాను, కాస్త గట్టిగానే.

"నీకింత దేశభక్తి ఎప్పట్నుంచి?" అన్నారాయన.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇస్త్రీ చేస్తుంటే గుర్తొచ్చింది. అమ్మాయి చిన్నప్పుడు, ఏ చర్చలున్నా ముందురోజు ఆయన నాతో రిహార్సల్ చేసేవారు. ఇస్త్రీబల్ల అటుపక్క నేను, ఇటుపక్క ఆయన. నేను అవతలి దేశం మంత్రిని. "మీ ప్రతిపాదన మాకు సమ్మతం కాదు" అని నేను ఇస్త్రీపెట్టె ఎత్తితే ఆయనకి నిజంగా చెమటలు పట్టేవి. నదీజలాల చర్చలప్పుడు, నేను గట్టిగా పట్టుబట్టానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు కూడా. ఎన్ని దేశాలకి మంత్రిగా చేశానో.

ఈసారి రేవు చర్చలు ఇంత పెద్దవి కదా, నేనే అడిగాను.

"కూర్చోనా? దీవి తరఫున?"

ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండా, "అక్కర్లేదులే, ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు" అన్నారు.

చొక్కా కాలర్ మీద మడత పడింది. మళ్ళీ చేశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఆవిడ ఏమంటుందో ఆయనకి తెలుసట.

ఫిబ్రవరి 22, శనివారం

శాఖ సెక్రటరీగారి ఇంట్లో తేనీటి విందు. దీవమ్మని మొదటిసారి చూశాను.

అందగత్తె కాదు. అది రాసిపెట్టుకుంటున్నాను, తర్వాత మర్చిపోకుండా. నా వయసే ఉంటుంది, మనిషి నాకంటే లావు. మడమ లేని చెప్పులు. భర్త పోయి చాలా కాలమైందట. మన భాష పుస్తకాల్లో నేర్చుకుందిట. వాక్యం మొదలుపెడితే గుమ్మం దాటే పసిపిల్లలా జాగ్రత్తగా చివరిదాకా నడుస్తుంది. "నేను మిమ్మల్ని కలుసుకొనుటకు చాలాకాలముగా ఎదురుచూచితిని" అంది నాతో. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆవిడే నవ్వేసింది. "తప్పు అయినదా?" అని అడిగింది. ఆ నవ్వుకి ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు.

తర్వాత ఆయన, ఆవిడ కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. ఆయన చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నారు. ఇంట్లో చేతులు తిప్పరు.

సెక్రటరీగారి భార్యని మేమందరం అక్కయ్యగారంటాం. కొత్తగా పెళ్ళయిన ఒక ఆఫీసరు భార్యకి ఆవిడ పాఠం చెబుతున్నారు. మా అందరికీ ఒకప్పుడు చెప్పిందే.

"ఇదిగో అమ్మాయ్, విను. ఆఫీసులో చెప్పలేని మాట ఉంటే మనవాళ్ళు అవతలివాళ్ళని ఇంటికి భోజనానికి పిలుస్తారు. అందరూ తింటూ ఉండగా మీ ఆయన 'కాస్త మంచినీళ్ళు' అంటాడు. అనగానే నువ్వు లేచి వంటింట్లోకి పోవాలి. ఆయన 'పళ్ళు తీసుకురా' అని పిలిచేదాకా బయటికి రాకూడదు. ఈలోపు చెప్పాల్సింది చెప్పుకుంటారు."

"వచ్చినాయన భార్య కూడా అక్కడే ఉంటే ఎలాగండీ?" అంది ఆ పిల్ల.

"ఆవిడ నీ వెనకాలే వస్తుంది, నీ వంటిల్లు చూడ్డానికి. వాళ్ళకీ తెలుసులే."

"మరి వచ్చింది ఆడమనిషే అయితే?" అన్నాను నేను.

అక్కయ్యగారు కిటికీ వైపు చూసి, నా వైపు చూసి, "ఏమ్మా, మీ ఆయన్ని ఎవరెత్తుకుపోతారు? బట్టతలా, బీపీ మాత్రలూనూ! రూలు రూలే" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అందరికంటే ముందే ఆపేశాను.

ఫిబ్రవరి 26, బుధవారం

వచ్చే ఆదివారం మధ్యాహ్నం దీవమ్మ మా ఇంటికి భోజనానికి వస్తుంది.

"నేను నీళ్ళు అడిగినప్పుడు..." అని మొదలుపెట్టారు ఆయన.

"నాకు చెప్పాలా?"

"అది కాదోయ్, ఈసారి చాలా ముఖ్యం. మంత్రిగారు స్వయంగా..." అని ఆగిపోయారు. ఒకప్పుడైతే మిగతాది కూడా చెప్పేవారు.

"ఏం చెప్పబోతున్నారేం ఆవిడకి?"

"అది ఆవిడకే చెప్పాలి."

మార్చి 1, శనివారం

వంటకి కావలసినవన్నీ తెచ్చాను. చేప రేపు పొద్దున్నే తెస్తాను. బల్లమీద గుడ్డ ఉతికి, గంజి పెట్టాను.

పై అలమరాలోంచి గాజు జగ్గు దింపాను. పెళ్ళికి మా పిన్ని ఇచ్చింది. మూతతో సహా చెక్కుచెదరకుండా ఉంది. ఎన్నడూ వాడలేదు. ఎండలు ముదురుతున్నాయి, భోజనం మధ్యలో మాటిమాటికీ లేచి తిరగడం దేనికి? ఉప్పు, నిమ్మచెక్కలు, చేతిగుడ్డలు, పళ్ళపళ్ళెం, కత్తి కూడా ముందే బల్లమీద సర్దేస్తే సరిపోతుంది. పద్ధతి అంటే అదే.

ఇందులో వేరే ఉద్దేశమేమీ లేదు.

మార్చి 2, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

దీవమ్మ మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చింది. ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడి, "మీ ఇంటి మెట్లు మా కొండ కన్న ఎక్కువ" అంది. అమ్మాయి నవ్వుతూ ఆవిడ చేతిలోని పూలు అందుకుంది. పది నిమిషాలు కూర్చుని స్నేహితురాలి ఇంటికి వెళ్ళిపోయింది. తండ్రి ముందే చెప్పిపెట్టిన ఏర్పాటు అది.

చేతులు కడుక్కోవడానికి ఆవిడని బాత్రూం వైపు తీసుకెళ్ళాను. ఆల్చిప్ప సంగతి నేను మర్చిపోలేదు. తలుపు తెరిచి పక్కకి జరిగాను, బాగా కనబడేలా. ఆవిడ చూసింది. చిన్నబోతుందేమోనని నేను చూస్తున్నాను.

"ఓ! మీరు కూడా ఇట్లే వాడెదరా! మా ఇంట్లో మా అమ్మ సబ్బు దీనిలోనే పెట్టును. మీ ఆయన దీనిని గాజుపెట్టెలో పెట్టెదరని నేను భయపడితిని."

భోజనానికి కూర్చున్నాం. ఆయన ఆ చివర, ఆవిడ ఆయనకి కుడిపక్క, నేను ఎదురుగా. జగ్గు నా చేతికి అందేలా ఉంది.

ఆవిడ బాగా తిన్నది. చేప ముల్లు తీయడం ఆవిడ దగ్గర చూడాలి, ఒక్క లాగుతో మొత్తం వచ్చేసింది. వాళ్ళ ఊరి గాలుల గురించి చెప్పింది, వంతెన ప్రారంభోత్సవంలో మన మంత్రిగారి టోపీ ఎగిరి సముద్రంలో పడ్డ సంగతి చెప్పింది. "ఆ టోపీని ఇప్పటికిని మా బెస్తవాడు ఒకడు పెట్టుకొనుచున్నాడు" అంటే నాకు కూడా నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే, ఆవిడ ఆయనకి పరిచయం కాకముందే నాకు పరిచయమై ఉంటే బాగుండేది.

ఇంతలో మాటలు ఆగాయి. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"కాస్త మంచినీళ్ళు ఇస్తావా?"

నేను జగ్గు ఎత్తి ఆయన గ్లాసులో పోశాను.

ఆయన గ్లాసు వైపు చూశారు. నా వైపు చూశారు. దీవమ్మ నిటారుగా కూర్చుంది. ఆవిడ చూపు నా చేతిలోని జగ్గు మీదే ఉంది.

ఆయన నీళ్ళన్నీ గటగటా తాగేశారు. గ్లాసు పెట్టి, "మంచినీళ్ళు" అన్నారు మళ్ళీ, ఈసారి మెల్లగా, ఒక్కో అక్షరం ఒత్తుతూ.

మళ్ళీ పోశాను. "ఎండ కదా" అన్నాను ఆవిడతో.

మూడోసారి అడిగేసరికి ఆయన మెడ మీద నరం కనబడుతోంది. మూడోసారి కూడా పోశాను. జగ్గులో ఇంకా సగం ఉన్నాయి.

"పళ్ళు తీసుకోండి" అని నేనే పళ్ళెం ఆవిడ ముందుకి జరిపాను.

ఆవిడ ఒక ముక్క తీసుకుంది. తినలేదు. తర్వాత, "నేను ఇక సెలవు తీసుకొందును. సాయంత్రం విమానమునకు మా దేశము పోవలెను" అంది. సాగనంపడానికి ఆయన లేచారు. నేను కూడా కిందిదాకా వెళ్ళాను. ఇంటికొచ్చిన ఆడమనిషిని కారుదాకా దిగబెట్టకపోతే ఏం మర్యాద? డ్రైవరు తలుపు తీశాడు. ఆయన ఏదో అనబోయి, డ్రైవరుని చూసి, నన్ను చూసి, చెయ్యి ఊపారు.

మెట్లెక్కుతూ ఆయన ఒక్కటే అడిగారు. "నీకు వినబడలేదా?"

"పోశాను కదండీ."

మార్చి 3, సోమవారం

పొద్దున్నే ఆయన టీ తాగలేదు. నేనే అడిగాను, అంత కొంప మునిగే మాటేమిటో.

చెప్పారు. గొంతు పెంచకుండా చెప్పారు, అదే నాకు బాగోలేదు.

మంత్రిగారు టీవీలో "మన రేవు, మన సముద్రం" అంటారు, అది జనం కోసం. దీవివాళ్ళు అడిగింది మాత్రం రెండే. రేవు మీద ఎగిరే జెండా వాళ్ళది కావాలి, రేవు గేటు తాళం వాళ్ళ దగ్గరే ఉండాలి. దానికి మనవాళ్ళు లోలోపల ఒప్పుకున్నారు. పైకి చెబితే మంత్రిగారి పరువు పోతుంది. అందుకని ఈయన చెవిలో వేసి, ఈయన ద్వారా దీవమ్మ చెవిలో వేయమన్నారు.

"అయితే ఇప్పుడు ఫోన్ చేసి చెప్పండి."

"ఫోన్లో వినేవాళ్ళుంటారు. ఆఫీసులో రాసుకునేవాళ్ళుంటారు."

"నా ముందే చెప్పేయాల్సింది. నేనేమైనా ఉత్తరం వాళ్ళ గూఢచారినా?"

"నీ ముందు చెబితే అది కబురవుతుంది. నువ్వు లేస్తేనే అది ప్రభుత్వం మాట అవుతుంది. ఆవిడకి కూడా తెలుసు ఆ సంగతి." చల్లారిన టీ పక్కకి జరిపి, "ఒక్కసారి లేచి ఉంటే సరిపోయేది కదోయ్" అన్నారు.

ఆవిడ తిరిగిరాగానే మళ్ళీ పిలుద్దామన్నాను. ఈసారి జగ్గు పెట్టనన్నాను. అలా అన్నాక నా మాట నాకే వినబడింది. ఆయన కూడా విన్నారు.

మార్చి 4, మంగళవారం

జగ్గు అక్కడ పెట్టింది ఎండల వల్ల.

మార్చి 8, శనివారం

పేపర్లలో మొదటి పేజీ. "రేవు చర్చల్లో ఒక్క అంగుళం తగ్గని మన దేశం." లోపల పెద్ద వ్యాసం. మన వైఖరి గట్టిపడిందట, ఎదుగుతున్న దేశానికి ఉండాల్సిన వెన్నెముక ఇదేనట, ఆ నిర్ణయం ఎంతో ఎత్తున, ఎంతో ఆలోచించి తీసుకున్నదట.

అమ్మాయి పైకి చదివింది. "నాన్నా, ఈ వెన్నెముక ఎవరిది?"

ఆయన నా వైపు చూడలేదు. నేను పళ్ళెం కడుగుతున్నాను. అప్పటికే కడిగిన పళ్ళెమే.

మార్చి 14, శుక్రవారం

దీవి ఉత్తరం వాళ్ళతో సంతకం పెట్టేసింది. రేవు మీద జెండా దీవిదే. తాళం దీవి చేతిలోనే.

మార్చి 15, శనివారం

దేశాల మధ్య విషయాలు ఒక ఇంట్లో భోజనం వల్ల ఇటో అటో అవుతాయా? కావు. ఉత్తరం వాళ్ళు ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నారు. ఆ దీవివాళ్ళది మొదట్నుంచీ నిలకడ లేని బుద్ధి. ఇంత చేసిన వాళ్ళని కాదని పోయారు. టీవీలో అందరూ అదే అంటున్నారు.

నేనొక్కదాన్నే కాదు అంటున్నది.

మార్చి 21, శుక్రవారం

ఎవరో ఒకరు బాధ్యులు కావాలి కదా. ఆయన్ని గ్రంథాలయ విభాగానికి మార్చారు. జీతం అదే, గది వేరు. పాత ఒప్పందాలకి అట్టలు వేయించే పని.

సెక్రటరీగారు పిలిచి అడిగారట, "ఆ ఆదివారం మాట చెప్పావా, లేదా?" అని. ఈయన "వీలు పడలేదు సార్" అన్నారట. ఎందుకు వీలు పడలేదో చెప్పలేదట.

"నా పేరు చెప్పాల్సింది" అన్నాను.

"ఏమని చెప్పను? మా ఆవిడ నీళ్ళు పోసిందనా?"

మార్చి 25, మంగళవారం

ఆయన వెలుతురుండగానే ఇంటికి వస్తున్నారు. పాత కళ్ళజోడే పెట్టుకుంటున్నారు. కారుతున్న కుళాయి బాగుచేశారు. అమ్మాయికి లెక్కలు చెబుతానన్నారు, అది చదివేది చరిత్ర. దీవి పటం గోడ మీంచి తీసి చుట్టచుట్టి మంచం కింద పెట్టారు. ఆ ఊసే ఎత్తరు, ఆవిడ మాట కూడా ఎత్తరు. అసలు ఏ మాటా ఎత్తరు.

ఇస్త్రీబల్ల హాల్లో వేశాను. ఆయన చూసి, "కరెంటు ఉందా?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయారు.

నేను కోరుకున్నది ఇదే. మనిషి ఇంటిపట్టున ఉన్నాడు.

మార్చి 30, ఆదివారం

ఆయన కుళాయికి ఇంకేదో కావాలని షాపుకెళ్ళారు. అమ్మాయి లేదు. బెల్లు మోగితే ఆయన తాళంచెవి మర్చిపోయారనుకుని తీశాను. దీవమ్మ. ఆయాసపడుతూ నిలబడి ఉంది. ఈసారి మెట్ల గురించి ఏమీ అనలేదు.

భోజనాల బల్ల దగ్గరే కూర్చోబెట్టాను. గాజు జగ్గు ఆ రోజు నుంచి అక్కడే ఉంటోంది. పొద్దున్నే నింపి పెడుతున్నాను, ఎందుకో తీయబుద్ధి కావడం లేదు. ఆవిడ కూర్చుంటూనే దాన్ని చూసింది.

"నన్ను వెనుకకు పిలిచినారు. ఈ వారము వెళ్ళిపోదును."

"అదేమిటి? ఉత్తరం వాళ్ళతో కుదిరింది కదా మీకు?"

"అందుకే. మా ప్రభుత్వములో మీ వైపు మాట్లాడినది నేను ఒక్కతెనే. 'ఆగండి, వాళ్ళు జెండా విడిచెదరు, తాళము విడిచెదరు, నాకు ఆ మనిషి తెలుసు' అని చెప్పితిని. ఆ ఆదివారం దాని కొరకే మీ ఇంటికి వచ్చితిని." ఆవిడ వేళ్ళు బల్లగుడ్డ అంచుని సరిచేస్తున్నాయి. నేనూ అలాగే చేస్తాను, మాట పెగలనప్పుడు. "మీ ఇళ్ళలో నీళ్ళు అడిగితే ఏమగునో ఈ ఊరి రాయబారులు అందరికీ తెలుసు. మాలో మేము నవ్వుకొందుము కూడా. ఆయన నీళ్ళు అడిగిరి. నా గుండె కొట్టుకొన్నది. మీరు కూర్చొనియే పోసితిరి."

నేను జగ్గు మూత సరిచేశాను.

"మూడుసార్లు అడిగిరి. మూడుసార్లును మీరు లేవలేదు. పళ్ళు కూడా ముందుగనే పెట్టితిరి. నేను ఇన్ని దేశములలో పని చేసితిని, 'లేదు' అను మాటను ఇంత మర్యాదగా, ఇంత స్పష్టముగా నాకు ఎవ్వరును చెప్పలేదు. మావాళ్ళకు అదే రాసితిని. 'వాళ్ళ వద్ద ఇక ఏమియు లేదు, వేచి ఉండవద్దు' అని."

ఆవిడ కళ్ళలో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

"ఇప్పుడు నేను ఎవరి రాయబారినీ కాను. అందుచేత ఒకటి అడుగుదును, చెప్పండి. నేను సరిగానే చదివితినా? నిజముగా ఏమీ లేదా?"

లేదు అని చెబితే అక్కడికి అయిపోతుంది. ఆవిడ తప్పు చేయలేదని ఆవిడకి నిమ్మళం. నాకూ నిమ్మళమే. ఒక్క చిన్న మాట. నోటిదాకా వచ్చింది కూడా. అది ఆవిడ కోసం చెబుతున్నానా, నా కోసం చెబుతున్నానా అని చూసుకునేలోపు బయట తాళం తిరిగిన చప్పుడైంది.

ఆయన చేతిలో కుళాయి సామానుతో లోపలికి వచ్చారు. ఆవిడని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. చెయ్యి జేబు తడుముకుంది, ఆ కొత్త కళ్ళజోడు కోసమే అనుకుంటాను. అది లేదు. నాకు గుండెల్లో ఎక్కడో కలుక్కుమంది. ఇప్పటికీ.

"రండి, కూర్చోండి" అన్నాను, ఆయన మా ఇంటికే చుట్టపుచూపుగా వచ్చినట్టు. కుర్చీ లాగాను. ఆవిడకి కుడిపక్కన.

తర్వాత నేను ఖాళీ గ్లాసు ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"మంచినీళ్ళు తెస్తాను" అన్నాను.

జగ్గు బల్ల మధ్యలో అంచుదాకా నిండుగా ఉంది. ముగ్గురం దాని వైపే చూశాం. ముందు దీవమ్మకి అర్థమైంది. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

గోడ మీద గడియారం ఉంది, చూడలేదు. గొంతులు వినబడ్డాయి, మాటలు తెలియలేదు. ఆయన గొంతు చాలాసేపు. తర్వాత ఆవిడ ఏదో అంది, చిన్నగా. ఆయన చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నారో లేదో తెలియదు. పొయ్యి తుడిచాను. తుడిచిందే తుడిచాను. పళ్ళు తీసుకురా అని ఎవరూ పిలవలేదు.

వీధి తలుపు పడిన చప్పుడు విన్నాక కూడా నేను బయటికి రాలేదు. పిలిచేదాకా రాకూడదు కదా.

చాలాసేపటికి ఆయనే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆవిడ ఏమందని నేను అడగలేదు. ఇప్పుడు కూడా అడగాలనే ఉంది.

"కాస్త మంచినీళ్ళు ఇస్తావా?" అన్నారు.

ఇంట్లో ఇంకెవరూ లేరు. గ్లాసు నా చేతిలోనే ఉంది. నింపి ఇచ్చాను. అక్కడే నిలబడి మొత్తం తాగారు, మళ్ళీ అడిగి ఇంకోటి తాగారు. నిజంగానే దాహం వేసినట్టుంది.